ముందు కూర్చుండిపోయిన పాత క్వాలిస్: బోల్టు తిప్పే ముందు టేపు పట్టండి



ఈ వారం పురుగుల పాఠం కాదు, గూళ్లు మోసే బండి పాఠం. మన కోలారు, చిక్కబళ్లాపురం, హోసూరు వైపు గూళ్ల మూటలు ఇంకా పాత క్వాలిస్‌లోనే మార్కెట్‌కు పోతున్నాయి. 2000లో వచ్చిన ఈ బండి తయారైంది మన రామనగరం దారిలోని బిడదిలోనే. ఇప్పుడు వాటిలో చాలావాటికి ముందు భాగం కిందికి దిగింది. "బోల్టు నాలుగు చుట్లు బిగిస్తే లేస్తుందన్నా" అని మెకానిక్ అంటాడు. లేస్తుంది, నిజమే. కానీ అంతటితో కథ అయిపోదు.

*మాకు జరిగింది*

ఆకు మోపుల కోసమని వెనక కమాన్ కట్టకు ఒక పట్టీ ఎక్కువ వేయించాము. వెనక లేచేసరికి ముందు దిగినట్టు కనిపించింది. ఒక షెడ్డులో ముందు బోల్టులు బాగా బిగించారు. కొలత తీయలేదు, అలైన్‌మెంట్ చూడలేదు. రెండు పంటలు తిరిగేసరికి ముందు టైర్లు ఒక అంచు అరిగి తీగ బయటపడింది. ప్రతి గుంతకూ ముందు నుంచి టక్కుమని దెబ్బ. ఆ అదురుకు తోడు మేము మూటలు కుక్కి కట్టాము. లోపల పురుగులు చితికి గూళ్లకు మరక పట్టింది, వేలంలో ధర తగ్గింది. మూటలు కుక్కింది మా తప్పే. బండి సంగతి మాత్రం ముందే తెలిసుంటే బాగుండేది.

*టార్షన్ బార్ అంటే*

క్వాలిస్ ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగు ఉండదు. బండి కింద పొడుగునా, ఒక్కో వైపు ఒక్కో ఉక్కు కడ్డీ ఉంటుంది. ముందు కొస చక్రం ఆర్మ్‌కు, వెనక కొస యాంకర్ ఆర్మ్‌కు బిగించి ఉంటుంది. చక్రం పైకి లేస్తే కడ్డీ మెలి తిరుగుతుంది, ఆ మెలికే స్ప్రింగు పని చేస్తుంది. యాంకర్ ఆర్మ్‌ను పట్టి ఉంచేది అడ్జస్టింగ్ బోల్టు. దాన్ని బిగిస్తే ముందు లేస్తుంది, వదులు చేస్తే దిగుతుంది. టవేరాలో కూడా పద్ధతి ఇదే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. బోల్టు బిగిస్తే స్ప్రింగు గట్టిపడదు. గూళ్లు తూచే స్ప్రింగు త్రాసును ఒక మేకు నుంచి ఇంకాస్త పై మేకుకు తగిలించండి. మూట పైకి లేస్తుంది గానీ ముల్లు అంకె మారదు. బోల్టు పని కూడా అంతే. కడ్డీ లావు, పొడవు మారనప్పుడు బలమూ మారదు. మారేది ఎత్తు ఒక్కటే.

అందుకే లోడు కోసమని ముందు ఎత్తకండి. 200 డి.ఎఫ్.ఎల్. గుడ్ల పంటకు మామూలుగా వచ్చే గూళ్లు సుమారు 120, 130 కిలోలు. అంటే ఇద్దరు మనుషుల బరువు, అదీ వెనకే పడుతుంది.

*ముందు కారణం వెతకండి*

టైర్ల గాలి సరిచేయండి. ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు చూపించండి, అరిగినవి మార్చండి. వెనక ఎక్కువ పట్టీ ఉందేమో చూడండి. ఒక్క వైపే బాగా దిగి, బోల్టు కూడా చివరికంటా బిగిసి ఉంటే కడ్డీ దెబ్బతిన్నట్టో, తప్పు పల్లులో కూర్చున్నట్టో అనుమానించాలి. అది ఇంటి దగ్గర చేసే పని కాదు. కడ్డీలు మార్చాల్సి వస్తే ఎడమది కుడికి వేయనివ్వకండి.

*పని వరుస*

1. ముందు రోజు రాత్రే బోల్టు మరకు తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి.
2. చదునైన నేల మీద, లోడు లేకుండా, లోపల ఎవరూ లేకుండా బండి నిలపండి. నాలుగు అడుగులు ముందుకీ వెనక్కీ దొర్లించి, బంపరు నొక్కి వదలండి.
3. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు మూలలా కొలిచి రాసుకోండి.
4. బోల్టు మీద పెయింటు గుర్తు పెట్టండి. చుట్లు లెక్క తెలియాలి.
5. ఛాసిస్ కింద జాకీ వేసి, గట్టి స్టాండ్ల మీద నిలిపి, ముందు చక్రాలు వేలాడనివ్వండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరకండి.
6. లాక్ నట్టు వదులు చేసి, ఒక్కోసారి ఒక్క చుట్టే తిప్పండి.
7. దించి, మళ్లీ దొర్లించి, నొక్కి, కొలవండి. ఒక వైపు ఎత్తితే రెండో వైపు కూడా కొంచెం కదులుతుంది. అందుకే రెండు వైపులా మళ్లీ కొలవాలి.
8. కొలత కుదిరాక లాక్ నట్టు బిగించండి.

*జాగ్రత్త:* చక్రాలు వేలాడుతున్నా కడ్డీలో కొంత మెలిక మిగిలే ఉంటుంది. అడ్జస్టింగ్ బోల్టు పూర్తిగా ఊడదీయకండి. యాంకర్ ఆర్మ్ కొట్టే దారిలో చెయ్యి, ముఖం పెట్టకండి.

*ఎంత ఎత్తాలి?*

సర్వీసు పుస్తకంలో ఉన్న కొలత దొరికితే దాని దాకే. లేకపోతే ఎడమ, కుడి సమానం చేసి ఆపండి. బండి నేల మీద నిలిచినప్పుడు ఆర్మ్‌కూ, దాని కింది కదలికను ఆపే రబ్బరుకూ మధ్య సందు ఉండాలి. రబ్బరు తాకుతూ ఉంటే ఎక్కువ ఎత్తేసినట్టే. మాకు వచ్చిన టక్కు దెబ్బ అదే. ఎక్కువ వేసిన పట్టీ తీయించి, బుష్‌లు మార్చి, బోల్టులు వదులు చేయించాక ఆ శబ్దం పోయింది.

ఎత్తు మారితే చక్రాల వాలు మారుతుంది. అదే రోజు వీల్ అలైన్‌మెంట్ చేయించండి, లేకపోతే టైర్ల మీద పడుతుంది ఖర్చు. హెడ్‌లైట్లు కూడా సరిచేయించండి. తెల్లవారుజామున గూళ్లతో బయల్దేరేది మనమే, ఎదుటి వాడి కంట్లో వెలుగు కొట్టకూడదు.

టేపు కొలతలు తేదీతో సహా పంటల నోటుబుక్కు చివరి పేజీలో రాసి ఉంచుకోండి. ఈసారి ఎవరైనా "నాలుగు చుట్లు బిగిద్దాం అన్నా" అంటే, ఆ పేజీ తీసి చూపించండి.