మతచిహ్నములు - బాలబోధ

ప్రాథమిక పాఠశాలలో ప్రపంచమతముల పాఠమనగానే నల్లబల్లపై శిలువ, నెలవంక, ధర్మచక్రము గీసి, మతముల పేర్లతో జతపరచుమనుట పరిపాటి. బాలుడు జతపరచును, తెలిసికొనునది స్వల్పము.

చిహ్నముతోబాటు దానిని నమ్మినవారి ఆచరణమును చెప్పవలెను. రోమనుల కాలమున మరణశిక్షకు సాధనమైన శిలువయే క్రైస్తవులకు రక్షణచిహ్నమైనదని వినిన బాలుడు దానిని మరువడు. సిక్కుల చేతి కడియము ఆభరణము కాదు. 1699లో గురు గోవిందసింగు స్థాపించిన ఖాల్సా నియమములలోనిది. నెలవంక విషయమున జాగ్రత్త వలయును. అది ఖురాను విధించిన గుర్తు కాదు. ముసల్మానులు దానిని పూజింపరు. మన అమరావతి తొలి శిల్పులు బుద్ధుని రూపమునకు మారుగా పాదముద్రలను, శూన్యసింహాసనమును చెక్కిరి. పిల్లలను అచటికి తీసికొనిపోయి చూపుట మేలు.

వీరశైవ బాలుని మెడలోని లింగకాయను చూచి తోటివారు "తాయెత్తా?" అని అడుగుదురు. కొందరు పిల్లలు జంకి దానిని చొక్కాలోనికి త్రోసికొందురు. ఇది గురువు దీక్షలో ప్రసాదించిన ఇష్టలింగమనియు, ఎడమ అరచేత నుంచుకొని దృష్టి నిలిపి పూజింతుమనియు, అమ్మ మెడలోనూ కలదనియు ఆ పసివాడు నిర్భయముగా చెప్పగలుగవలెను. ఇంట నేర్పనిచో బడిలో చెప్పజాలడు. బసవేశ్వరుని కథ పెద్ద తరగతులకు ఉంచవచ్చును.

ఉపాధ్యాయుడు మాత్రము లింగమును విప్పి చూపుమని అడుగరాదు. బల్లపై అరచేతి బొమ్మ గీసిన చాలును.