కూర వద్దనే బాబుకు దాల్చాతో మొదలు

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. బిర్యానీ, చిప్స్ తప్ప కూరగాయ ముట్టడు, పండు కొరకడు. ఎలా అలవాటు చేయాలి?
– ఓ తల్లి, శాలిబండ

జవాబు: ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు రోజుకు కనీసం 350 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఒక్కరోజులో అంత రాదు, కంగారు పడకండి.

మీ పాతబస్తీ వంటిల్లే ఇందుకు మంచి దారి. సొరకాయ దాల్చా, బగారా బైంగన్, పాలకూర గోష్త్, ఎండాకాలం వస్తే చింతచిగురు గోష్త్... అన్నీ బాబుకు తెలిసిన మసాలా రుచులే. దాల్చాలో మాంసం కాస్త తగ్గించి సొరకాయ ముక్కలు పెంచండి. కానీ దాచి తినిపించొద్దు; తింటున్నదేమిటో తనకు తెలియాలి. కొత్త రుచి నచ్చడానికి పదిసార్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పెట్టాల్సి వస్తుంది. ప్రతిసారీ ఒక్క చెంచా చాలు. తింటే చాక్లెట్ ఇస్తానని మాత్రం ఆశ పెట్టకండి, కూరంటే శిక్ష అనే భావన నాటుకుపోతుంది.

మీరాలం మండికి వెంట తీసుకెళ్లి ఒక కూరగాయను బాబునే ఎంచుకోనివ్వండి. బడి డబ్బాలో చిప్స్ బదులు జామ ముక్కలు పెట్టండి. నారింజ కన్నా జామలో విటమిన్ సి ఎక్కువ.

ఇంట్లో పెద్దలూ అదే కూర తినాలి. బాబు బరువు తగ్గుతున్నా, నీరసంగా ఉంటున్నా ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యులకు చూపించండి.