తెలుగక్షరము – కంప్యూటరు పరీక్ష

కంప్యూటరునందు దోషము గనుపడినప్పుడు "ఇది పని చేయుట లేదు" అని విడిచిపెట్టుట సులభము. ఆ దోషమెచ్చట పుట్టినదో కనిపెట్టుటయే విద్య.

మీటను నొక్కినప్పుడు మూడు పనులు వరుసగా జరుగును. మొదట, మీట నొక్కబడెనను వార్తయు విడువబడెనను వార్తయు వేఱువేఱుగా, తెరపై పనిలోనున్న విండోకు చేరును. పిమ్మట ప్రోగ్రాము తగిన అక్షరసంకేతమును దాచుకొనును. తుదకు అక్షరరూపము తెరపై గీయబడును.

మొదటి మెట్టున కలుగు దోషమొకటి చూడుడు. ఆల్ట్ మీటను పట్టి, ట్యాబ్ మీటతో వేఱొక విండోకు పోయితిమనుకొనుడు. నొక్కిన వార్త మొదటి విండోకును, విడిచిన వార్త రెండవ దానికిని చేరవచ్చును. అప్పుడు మొదటిది ఆ మీట యింకను నొక్కబడియే యున్నదని భ్రమించును. మరల వచ్చి టైపు చేసినచో అక్షరములు పడవు. విండో వెనుకకు పోయినంతనే నొక్కిన మీటల లెక్కను తుడిచివేయుట దీనికి చికిత్స.

మూడవ మెట్టు దోషమొకటి మన లిపిని జగత్ప్రసిద్ధము చేసెను. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" యను అక్షరపు కూర్పు సందేశముగా వచ్చినంతనే ఐఫోనులలోని ప్రోగ్రాములు ఆగిపోయెను. జ, పొల్లు, ఞ, కంటికి గానరాని విడదీయు సంకేతము, దీర్ఘము – ఈ యైదును ఈ క్రమమున వచ్చుటయే కారణము. "జ్ఞానము" అని మామూలుగా వ్రాసినచో ఆ నాలుగవ సంకేతముండదు. దేవనాగరి, వంగ లిపులలోను ఇట్టి కూర్పులే బాధించెను. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ద్వారా దీనిని సవరించెను.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విద్యార్థులారా! మీ ఊరిపేరు, ఇంటిపేరు, "స్త్రీ", "లక్ష్మి" మొదలగు పదములను టైపు చేసి చూడుడు. వేగముగా కొట్టుడు, వెనుకకు చెరుపుడు, పదము నడుమ నొక వత్తును చేర్చుడు. తప్పు గనుపడినచో యంత్రమేది, ప్రోగ్రాము ఏ వెర్షనుది, ఏ మీటల నే వరుసను నొక్కితిరి, ఏమి రావలెను, ఏమి వచ్చెను అను సంగతులను వ్రాయుడు. అనవసరమగు మెట్లను ఒక్కొక్కటిగా తీసివేసి, దోషము నిలుచునంత చిన్న క్రమమును పట్టుకొనుడు. సవరణ యైన పిమ్మట అదే క్రమమును మరల పరీక్షింపుడు.

తెలుగు రాని నిపుణునికి వత్తు జాఱిన సంగతి కంటబడదు. యోగ్యతాపత్రముపై బాలుని పేరు తప్పుగా అచ్చుపడినచో కష్టము వానిదే. కావున ఈ పరీక్ష మన లిపిని చదువువారలు చేయదగిన పని.