వసతిగృహం – విద్యాఋణం

ఉద్దేశం

చదువుకొనే కాలంలో ఏర్పడిన అనుబంధం సమాజానికి ఉపకరించే శక్తిగా ఎలా మారుతుందో, నిస్స్వార్థ సేవకుని గౌరవించడం అంటే ఏమిటో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

మానవుడు దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే మూడు ఋణాలతో జన్మిస్తాడని మన పూర్వులు విశ్వసించారు. వీటిలో ఋషిఋణం అధ్యయనం వల్ల తీరుతుందని చెప్పారు. విద్య ఇచ్చినవారికి ధనం తిరిగి చెల్లించడం వల్ల ఆ ఋణం తీరదు. నేర్చినదానిని నిలుపుకొని, తరువాతి తరానికి అందించినప్పుడే ఋణవిముక్తి కలుగుతుంది. నేడు ఊరూరా వెలసిన పూర్వ విద్యార్థుల సంఘాలకు ఈ భావనే పునాది కావాలి.

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల సరిహద్దులోని వేంసూరు, సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట ప్రాంతాల నుండి ఎందరో విద్యార్థులు పై చదువులకై నగరాలకు వెళ్తుంటారు. కొత్త ఊరిలో వారికి ఎదురయ్యే మొదటి చిక్కు పాఠం కాదు. తల దాచుకొనే చోటు, వేళకు అన్నం. నూరేళ్ళ క్రితం ఈ చిక్కు మరింత కఠినం. నిజాం రాజ్యంలో ఉన్నత విద్య ప్రధానంగా హైదరాబాదు నగరంలోనే లభించేది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సైతం బోధన ఉర్దూలో సాగేది. పల్లె నుండి వచ్చిన తెలుగు బాలునికి ఊరూ కొత్తదే, భాషా కొత్తదే.

ఆ 1918లోనే హైదరాబాదులో రెడ్డి వసతిగృహం ఏర్పడింది. దీని స్థాపనకు ముఖ్య కారకులు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి (1869–1953). వనపర్తి సంస్థానానికి చెందిన రాయణిపేటలో జన్మించిన ఆయన, పోలీసు శాఖలో అమీనుగా చేరి, క్రమంగా ఎదిగి, 1920 నుండి 1934 వరకు హైదరాబాదు నగర కొత్వాలుగా పనిచేశారు. నగర రక్షణభారమంతా మోసే ఉద్యోగమది. అయినా ఆయన వసతిగృహాన్ని ఏనాడూ విస్మరించలేదు. సంస్థానాధీశులను, సంపన్నులను అర్థించి విరాళాలు కూర్చారు. తన పలుకుబడిని పేద విద్యార్థి భోజనానికి వినియోగించారు. అధికారికి జీతం ఉంటుంది. స్వచ్ఛంద సేవకునికి ఉండేది బాధ్యత మాత్రమే. ఈ రెండవదానిని ఆయన ఉద్యోగ విరమణ తరువాత కూడా వదలలేదు.

ఈ కార్యంలో ఆయనకు తోడ్పడినవారిలో ప్రముఖులు సురవరం ప్రతాపరెడ్డి (1896–1953). 1920ల దశకంలో సురవరం వసతిగృహ నిర్వహణ బాధ్యత వహించి, అందలి గ్రంథాలయాన్ని పెంపొందించారు. కడుపుకు అన్నంతో పాటు మనసుకు పుస్తకం కూడా అవసరమని గుర్తించడం ఆయన దూరదృష్టికి నిదర్శనం. 1926లో ఆయన ప్రారంభించిన ‘గోలకొండ పత్రిక’ తెలంగాణలో తెలుగు భాషావికాసానికి మహోపకారం చేసింది. 1939లో సురవరం వెంకటరామారెడ్డి జీవితచరిత్రను ప్రకటించారు. అప్పటికి చరిత్రనాయకుని వయస్సు డెబ్బది సంవత్సరాలు. సేవకుని కీర్తించడానికి ఆయన మరణం వరకు వేచి ఉండనవసరం లేదని ఈ గ్రంథం తెలుపుతున్నది. దుశ్శాలువ కొంతకాలానికి మాసిపోతుంది. చేసిన పనిని వివరంగా వ్రాసిపెట్టిన పుస్తకం మాత్రం తరతరాలకు నిలుస్తుంది.

ఒకే కప్పు క్రింద చదివినవారందరూ ఒకే మార్గంలో నడవాలన్న నియమం లేదు. ఈ వసతిగృహంలో ఉండి చదివిన రావి నారాయణరెడ్డి ఇందుకు చక్కని ఉదాహరణ. 1930లో ఆయన ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొనడానికి కాకినాడ వెళ్ళారు. 1945లో మన ఖమ్మంలో జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. అనంతరం నిజాం పాలనకు ఎదురొడ్డిన తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకత్వం వహించినవారిలో ఒకరయ్యారు. 1952 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ నుండి గెలుపొంది, ప్రధాని నెహ్రూ కంటె అధికంగా ఓట్లు పొందారు. వసతిగృహ స్థాపకుడు నిజాం ప్రభుత్వంలో ఉన్నతాధికారి; అక్కడ అన్నం తిన్న విద్యార్థి ఆ ప్రభుత్వంపైనే తిరుగుబాటు చేసిన యోధుడు. ఆశ్రయమిచ్చినవారి అభిప్రాయాలను అనుసరించడం కృతజ్ఞత కాదు. పొందిన మేలును మరొకరికి పంచడమే కృతజ్ఞత. నారాయణరెడ్డి హరిజన సేవక సంఘంలో పనిచేసి, దళిత బాలుర వసతిగృహాల నిర్వహణలో పాలుపంచుకొన్నారు. తాను పొందిన నీడను, ఆ నీడ అందనివారికి విస్తరింపజేయడమే ఆయన చేసిన ప్రత్యుపకారం.

ఇక్కడ ఒక విషయం ఆలోచించాలి. ఆనాటి వసతిగృహాలు పెక్కు ఆయా కులాల పేరిట, ఆయా కులాల పెద్దల పూనికతో వెలసినవే. ప్రభుత్వం బాధ్యత స్వీకరించని కాలంలో అవి ఎందరికో చదువు దక్కేటట్లు చేశాయి. ఇది వాటి ఘనత. సంపన్నులైన పెద్దలు లేని కులాల పిల్లలకు అటువంటి ఆశ్రయం సులభంగా లభించలేదు. ఇది వాటి పరిమితి. తరువాతి కాలంలో ఏర్పడిన సాంఘిక, గిరిజన సంక్షేమ వసతిగృహాలు, గురుకుల పాఠశాలలు ఈ లోటును పూడ్చడానికి ఉద్దేశించినవే. పూర్వ విద్యార్థుల అనుబంధం తమవారి వద్దనే ఆగిపోతే అది స్నేహబృందం మాత్రమే. తమవారు కానివారికి కూడా తలుపు తెరిచినప్పుడే అది సమాజసేవ అవుతుంది.

వెంకటరామారెడ్డి స్మృతి నేటికీ సజీవంగా ఉంది. హైదరాబాదులోని నారాయణగూడలో 1954లో ఏర్పడిన మహిళా కళాశాల ఆయన పేరుతో నడుస్తున్నది. తెలంగాణ పోలీసు అకాడమీకి కూడా ఆయన పేరే ఉంది. 2025లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం పేరు పెట్టింది. ఇవన్నీ ప్రభుత్వం, సమాజం చూపిన గౌరవాలు. అయితే పూర్వ విద్యార్థులు చూపగల గౌరవం వేరొకటి ఉన్నది.

ఇప్పుడు మన ఉన్నత పాఠశాలలలో ఆత్మీయ సమ్మేళనాలు తరచుగా జరుగుతున్నాయి. పాత మిత్రులు కలుస్తారు, గురువులను సన్మానిస్తారు, ఛాయాచిత్రం తీయించుకొని వెళ్ళిపోతారు. ఆ మరునాడు పాఠశాల గ్రంథాలయం తాళం ఎవరు తీస్తారు? నిధి లెక్కలు ఎవరు వ్రాస్తారు? రుసుము కట్టలేని బాలుని ఇంటికి ఎవరు వెళ్తారు? ప్రతి ఊరిలోనూ ఈ పనులు మౌనంగా చేసే వ్యక్తి ఒకరుంటారు. వేదిక మీద ఆయనకు పూలదండ వేయడం మంచిదే. ఆయన మోస్తున్న బరువులో కొంత భాగాన్ని మన భుజానికి ఎత్తుకోవడం అంతకంటె మంచిది. సేవకునికి అతని తరువాత పనిచేసేవారిని సమకూర్చడమే ఉత్తమమైన సన్మానం.

కఠిన పదాలు – అర్థాలు

విస్మరించు = మరచిపోవు
పెక్కు = అనేకం
పూనిక = ప్రయత్నం, పట్టుదల
నిదర్శనం = ఉదాహరణ, తార్కాణం
స్మృతి = జ్ఞాపకం

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. రెడ్డి వసతిగృహ నిర్వహణలో వెంకటరామారెడ్డి, సురవరం ప్రతాపరెడ్డిల కృషిని వివరించండి.
2. “పొందిన మేలును మరొకరికి పంచడమే కృతజ్ఞత” – పాఠ్యభాగం ఆధారంగా సమర్థించండి.

II. క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. ఋషిఋణం ఎట్లా తీరుతుంది?
2. కులాల పేరిట వెలసిన వసతిగృహాల ఘనత, పరిమితి ఏవి?
3. మీ ఊరిలో మౌనంగా సేవ చేస్తున్న ఒక వ్యక్తిని గురించి పది వాక్యాలు వ్రాయండి.

III. ఏకపద సమాధానాలు వ్రాయండి.
1. రెడ్డి వసతిగృహం ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. ‘గోలకొండ పత్రిక’ను ప్రారంభించినవారు ఎవరు?
3. 1945లో ఆంధ్ర మహాసభ ఎక్కడ జరిగింది?

IV. సంధులు
మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి
ప్రత్యుపకారం = ప్రతి + ఉపకారం – యణాదేశ సంధి
సంస్థానాధీశులు = సంస్థాన + అధీశులు – సవర్ణదీర్ఘ సంధి

V. సమాసాలు
ఋణవిముక్తి = ఋణం నుండి విముక్తి – పంచమీ తత్పురుష సమాసం
సమాజసేవ = సమాజం యొక్క సేవ – షష్ఠీ తత్పురుష సమాసం