పండుగకు ఊరికి పోయే ముందు

దసరాకు ఇంకా పది రోజులు ఉంది. ముంబైలో కొత్త బిల్డింగు కడుతున్నచోట ఒక రేకుల షెడ్డు. అందులో పాలమూరు కూలీలు పన్నెండు మంది ఉంటున్నారు. అందరూ ఊరి ముచ్చట్లలో ఉన్నారు. ఒక్కడు మాత్రం మూలకు కూర్చున్నాడు. మేస్త్రి అతన్ని బయటకు పిలిచాడు.

"ఏమైందిరా? ఇంటిదాన్ని చూసి ఏడాదాయె. సంతోషం లేదా?"

"ఎట్ల చెప్పాలె మామా! పోయిన నెల పైసలొచ్చిన నాడు దోస్తులతోని తాగిన. వాళ్ళ ఎంబడి పోయిన."

"నిరోధ్ వాడినవా?"

అతను తల వంచుకున్నాడు. "దుకాణంల అడగనీకి సిగ్గయింది. 'మొగోనివి కాదా, గంత భయమెందుకు' అని దోస్తులు నవ్విన్రు. ఆమె మంచిగనే కనబడ్డది మామా."

చూడండి. అతనికి నిరోధ్ సంగతి తెలియక కాదు. సిగ్గు ఆపింది. తాగుడు ఆపింది. అన్నిటికంటే దోస్తుల నవ్వు ఆపింది. ఊరు కాని ఊరు. భాష రాదు. అక్కడ తెలుగు మాట్లాడేది ఆ పన్నెండు మందే. వాళ్ళు వెలివేస్తే అతనికి ఇంకెవరున్నారు? ఆసుపత్రికి పోదామంటే, ఒకరికి తెలిస్తే ఊరంతా తెలుస్తుందని భయం. పాలమూరు వాళ్ళకు ముంబై కొత్త కాదు. కామాటిపుర అనే పేటకు ఆ పేరు కూడా మన వైపు నుంచి పోయిన కామాటి కూలీల వల్లనే వచ్చింది. ఇన్నేళ్ళయినా ఈ మాట మాట్లాడుకోవడం మాత్రం అలవాటు కాలేదు.

హెచ్.ఐ.వి. ఉందో లేదో మనిషిని చూసి చెప్పలేము. ఒంట్లో చేరినా ఏళ్ళ తరబడి ఏ జబ్బూ కనబడకపోవచ్చు. రక్త పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. సర్కారు ఆసుపత్రిలో ఈ పరీక్షకు డబ్బు తీసుకోరు. ఫలితం బయట పెట్టకూడదని 2017లో చట్టం చేశారు. 1097 నంబరుకు ఫోన్ చేసి ఉచితంగా సలహా అడగవచ్చు. జబ్బు ఉందని తేలినా మందులున్నాయి. 2004 నుంచి సర్కారు వాటిని ఉచితంగా ఇస్తోంది. రోజూ మానకుండా వేసుకోవాలి.

"రేపే పోదాం. కాని ఒక్కటి యాదిలుంచుకో. జబ్బు అంటిన కొత్తల పరీక్షల తెల్వకపోవచ్చు. మూడు నెలలు నిండినంక మళ్ళ చేయించాలె. గప్పటిదాంక ఇంట్ల కూడ నిరోధ్ వాడాలె" అన్నాడు మేస్త్రి.

"ఇంతకుముందు ఎన్నడు వాడలే. ఎందుకని అడుగుతది. ఏం చెప్పాలె మామా?"

మేస్త్రి చాలాసేపు మాట్లాడలేదు.

"నిజమే చెప్పాలెరా. కోపం చేస్తది, ఏడుస్తది. చెప్పకుంటే రోగం ఆమెకంటొచ్చు. పొద్దుగాల తయారుగుండు. నేను గూడ చేయించుకుంట. ఇరవై ఏండ్లాయె ఈడికొచ్చి, ఒక్కపారి చేయించుకోలే."