హిమోగ్లోబిన్ 12 దాటినా కాళ్లు లాగేస్తున్నాయంటే…

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. 1500 మీటర్ల పరుగు సాధన చేస్తోంది. కొంతకాలంగా ఆఖరి రౌండులో కాళ్లు లాగేస్తున్నాయంటోంది. హిమోగ్లోబిన్ 12.2 వచ్చింది, బాగానే ఉందన్నారు. బెల్లం, ఖర్జూరం పెడితే సరిపోతుందా?
– ఒక తల్లి, డిచ్‌పల్లి

జవాబు: సరిపోదమ్మా. 12 దాటితే రక్తహీనత లేదనే అర్థం, ఒంట్లో ఇనుము నిల్వ ఉందని కాదు. ముందు నిల్వలు అడుగంటుతాయి, హిమోగ్లోబిన్ ఆ తర్వాతే పడిపోతుంది. నిల్వల సంగతి చెప్పేది ఫెరిటిన్ పరీక్ష. జ్వరం, జలుబు లేనప్పుడు చేయించండి. ఉంటే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. 15 లోపైతే లోపం ఖాయం. క్రీడాకారులకు 30 లోపున్నా మేం పట్టించుకుంటాం.

నెలసరిలో కొంత ఇనుము పోతుంది, పరుగులో పాదాల తాకిడికి ఎర్రకణాలు పగిలి మరికొంత. కఠిన సాధన తర్వాత హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, కొన్ని గంటలపాటు పేగుల్లో ఇనుమును అడ్డుకుంటుంది. అందుకే డాక్టరు మాత్ర రాస్తే, ఆ హార్మోన్ పెరిగేలోగా, పొద్దుటి సాధన ముగిసిన అరగంటలోపే వేయించండి. చాయ్, పాలు అప్పుడు వద్దు.

బోధన్ వైపు చెరకు ప్రాంతంలో బెల్లం మీద నమ్మకం ఎక్కువే. అందులో ఇనుము కొంచెమే. మాంసం తింటే వారానికోసారి మేక కార్జం పెట్టండి. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండండి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర నివారణకే, చికిత్సకు కాదు.

పరీక్ష లేకుండా మాత్రలు కొనకండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువవుతోందేమో మీరే అడగండి, పిల్లలు తమంతట తాము చెప్పరు.