మల్లె అత్తరు – జాజి అత్తరు : ఒక పరిశీలన

పండుగనాడు గాని, జుమా నమాజుకు వెళ్లునపుడు గాని అత్తరు పూసుకొనుట మన ఇండ్లలో పరిపాటి. సంప్రదాయపు అత్తరులో స్పిరిటు కలపరు. అయితే ప్రతిదినము కళాశాలకు వచ్చునపుడు ఏది తగినదన్నచో, మోతియా, చమేలీల నడుమ విద్యార్థులు తికమకపడుట చూచుచున్నాము. కావున ఈ రెండింటిని ఇచట పోల్చి చూతము.

ఉర్దూలోని మోతియా తెలుగువారి మల్లె. చమేలీ మన జాజి. శాస్త్రజ్ఞులు మొదటిదానిని జాస్మినమ్ సంబాక్ అనియు, రెండవదానిని జాస్మినమ్ గ్రాండిఫ్లోరమ్ అనియు అందురు. రెండింటిలోను బెంజైల్ ఎసిటేట్ అను ఎస్టరు కలదు. పూల వాసనలో పండ్ల తీపి తోచుటకు ఇది ముఖ్యకారణము. రెండింటిలోను ఇండోల్ కూడ కలదు. చిక్కగా నున్నపుడు దుర్గంధమగు ఈ పదార్థమే, లేశమాత్రమైనపుడు పూవాసనకు నిండుదనమిచ్చును.

ఇక భేదము. మల్లెలో ద్రాక్షను, నారింజపూతను తలపించు మిథైల్ ఆంత్రనిలేట్ కలదు. అందుచే అది తేటగా, చల్లగా తోచును. జాజిలో సిస్-జాస్మోన్ హెచ్చు. దాని పరిమళము వెచ్చనిది, బరువైనది.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో పూలను నీటితో రాగి డేగ్‌లో కాచి, ఆవిరిని భప్కాలోని చందన తైలములోనికి పంపుదురు. చందనము మిక్కిలి ప్రియమగుటచే నేడు పలుచోట్ల పారఫిన్ వంటి చవక నూనెలు వాడుచున్నారు. చవక సీసాలలో కృత్రిమ పరిమళములే ఎక్కువ. కృత్రిమమైనంత మాత్రమున చెడ్డది కాదు; కాని అసలుదాని వెల చెల్లించి దానిని కొనుట నష్టమే. పరిమిత ధనముతో చదువుకొను విద్యార్థికి ఈ నష్టము చిన్నది కాదు.

కావున కొనుటకు ముందు ఒక్కొక్క మణికట్టుపై ఒక్కొక్క చుక్క రాసి, వెంటనే ఒకసారి, అరగంటకు ఒకసారి, నాలుగు గంటలకు ఒకసారి వాసన చూడవలెను. తేలికైన పండ్లవాసన ముందు ఎగిరిపోవును. చివరకు నిలుచునది ఆధార తైలపు వాసన. అంగడిలోని తొలి క్షణమును బట్టి నిర్ణయింపరాదు. చర్మము దురదపెట్టినచో ఆ అత్తరును మానవలెను.

మా అభిప్రాయములో తరగతి గదికి మల్లె, సాయంకాలపు శుభకార్యములకు జాజి తగినవి. ఏదైనను ఒక్క చుక్క చాలును. ఘాటైన వాసనకు తలనొప్పి వచ్చు సహాధ్యాయి మన బల్లపైననే కూర్చుండవచ్చును. అత్తరు మనదే గాని, గదిలోని గాలి అందరిదని మరువరాదు.